ఎర్రగా మిగిలిన గడి

విశ్వవిద్యాలయంలో పాత కోర్సు సైట్లను మూసి భద్రపరిచే గది. మధ్యాహ్నం మూడున్నర. కంప్యూటర్ ముందున్నవాడు సైట్లు మూసే టెక్నీషియన్. తాళాలు వేయడమే పని కాబట్టి అందరూ అతన్ని 'తాళం' అనే పిలుస్తారు. పక్క కుర్చీలో ఉన్నది నీటి సరఫరా పాఠాలు చెప్పే మాస్టారు. మూడు మెయిళ్ళకు ఉలుకూ పలుకూ లేని ఆ పెద్దమనిషి, నాలుగో మెయిలుకు స్వయంగా దిగబడ్డాడు.

"...అంతే మాస్టారూ, ఇంకేం లేదు. ఆ గడిలో సున్నా వేసి, కింద పచ్చ బటన్ నొక్కారంటే మీరు మీ గదికి, నేను నా టీకి."

"టీ ఎక్కడికీ పారిపోదులేవయ్యా. ముందు నాకర్థమయ్యేలా చెప్పు. తొమ్మిదేళ్ళనాటి కోర్సు. అప్పుడే మార్కులు వేశాం, అప్పుడే పంపాం. ఆ పిల్లలకి పెళ్ళిళ్ళయి పిల్లలు కూడా పుట్టారు. ఇప్పుడు నేనొచ్చి వేయాల్సిన మార్కేంటి?"

"పరీక్షల విభాగానికి మార్కులు కాగితం మీద వెళ్ళాయండి. ఈ సైటులో మాత్రం అరవై రెండు గడుల్లో అరవై ఒకటే నిండాయి. ఒకటి ఖాళీ. ఖాళీ గడి ఉంటే ఈ ప్రోగ్రాము సైటు మూయనివ్వదు. అదిగో, ఎర్రగా వెలుగుతోంది చూడండి."

"మూయకపోతే కొంపలు మునుగుతాయా?"

"ఐదింటికి పాత సర్వరు ఆపేస్తున్నారు మాస్టారూ. మూడువేల చిల్లర సైట్లు మూసి పెట్టెలో పెట్టాను. మీదొక్కటే మిగిలింది. ఇది మిగిలిపోయిందంటే రేపు మా పెద్దాఫీసరు వచ్చి ఎందుకు మిగిలిందని మొదట్నుంచీ తవ్వుతాడు. ఆ తవ్వకం మీకూ వద్దు, నాకూ వద్దు."

"ఆ పెట్టెలో ఏమేం దాస్తారు?"

"పాఠాలు, పిల్లలు పెట్టిన జవాబులు, మార్కులు."

"మరి ఏం పోతాయి?"

"ఏవో చిల్లరమల్లర. ఎవరు ఎన్నింటికి లోపలికొచ్చారు, ఏది నొక్కారు, అలాంటివి. ఎవరికీ అక్కర్లేని చెత్త. వేయండి మాస్టారూ, సున్నా."

"వేస్తాను. ఇంతకీ ఎవరిదా గడి?"

"నలభై మూడో నంబరు."

"నలభై మూడా."

"ఆ, నలభై మూడే. వేసేయండి."

"కిటికీ పక్కన కూర్చునేది. నోట్సు పచ్చ ఇంకుతో రాసేది."

"నాకు మొహాలు తెలియవండి. నాకు నంబర్లే."

"మన లైబ్రరీ కౌంటర్లో ఉండే అమ్మాయి కదూ?"

"అయ్యుండొచ్చు. గబగబా కానివ్వండి మాస్టారూ, పచ్చ బటన్ ఇదిగో ఇక్కడుంది."

"గడి పక్కన ఈ కాగితం బొమ్మేంటి?"

"అది చిత్తుప్రతి. ఆ అమ్మాయి ఫైలు ఎక్కించింది కానీ 'సమర్పించు' నొక్కలేదు. నొక్కకపోతే అది చిత్తుగానే పడి ఉంటుంది. మార్కుకి లెక్కలోకి రాదు. అందుకే సున్నా అనేది."

"తెరువు, చూద్దాం."

"తెరుచుకోదండి. పాతరకం ఫైలు."

"ఈ కన్ను బొమ్మ నొక్కితే?"

"దాన్ని నొక్కినా..."

"తెరుచుకుందిగా."

"తెరుచుకుంది. ఒక్కోసారి అంతే, నన్ను నవ్వులపాలు చేయడానికే తెరుచుకుంటాయి."

"'మా వీధిలో కుళాయిలు ముప్పై ఒకటి. నా దగ్గరున్నవి ఒక బకెట్టు, ఒక గడియారం, వారం రోజులు.' ఎంత బాగా మొదలుపెట్టిందయ్యా. ఏ పుస్తకంలోంచీ ఎత్తలేదు. ఒక్కో కుళాయి కింద బకెట్టు పెట్టి, అది నిండడానికి ఎంతసేపు పడుతోందో పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం రాసుకుంది. పంపు దగ్గర బయల్దేరిన నీళ్ళెన్ని, ఇంటికి చేరినవెన్ని, దార్లో ఎక్కడ కారిపోతున్నాయి... పదిహేడో కుళాయి దగ్గర ఒక ముసలావిడ కసురుకుందిట. మా నీళ్ళు నువ్వెందుకే కొలవడం, దిష్టి తగులుతుంది అని. ఆ ముక్క కూడా రాసింది."

"బావుంది మాస్టారూ. కానీ..."

"ఏంటి కానీ?"

"మీరింకా మొదటి పేజీలోనే ఉన్నారు. కిందికి జరపనేలేదు. ముసలావిడ సంగతి మీకెలా తెలిసింది?"

"ఫ్యాను కాస్త పెంచవయ్యా. ఉక్కగా ఉంది."

"ఇంతకుముందే చదివారా దీన్ని?"

"చదివాను."

"ఎప్పుడు?"

"అప్పుడే. మార్కులు పంపడానికి రెండ్రోజుల ముందు. మొత్తం ఏడు పేజీలూ చదివాను. ఒకసారి కాదు, మూడుసార్లు చదివాను."

"పోనీలెండి. చిత్తుప్రతి చదివి తీరాలన్న రూలేం లేదు, చదివితే మార్కు వేసి తీరాలన్న రూలూ లేదు. మీ తప్పేం లేదిందులో. సున్నా వేసి..."

"ఎందుకంత తొందరపెడతావ్? వినేవాడివి నువ్వొక్కడివే దొరికావు నాకు. ఇంట్లో కూడా చెప్పలేదు ఈ సంగతి."

"చెప్పండి."

"అంతకుముందు ఏడాది ఏడుగురు పిల్లలు బటన్ కనబడలేదని ఏడ్చారు. ఆరా తీస్తే ఏడుగురిదీ అబద్ధం. అందుకని ఈ క్లాసుకి మొదటిరోజే చెప్పేశాను. బటన్ కనబడలేదని, కరెంటు పోయిందని, కుక్క కరిచిందని నా గుమ్మం తొక్కితే సున్నాయే అన్నాను. అందరూ నవ్వారు. ఆ పిల్లా నవ్వింది. చివరికి నా గుమ్మం తొక్కింది తనొక్కతే. అరవై ఒక్కమంది ముందురోజే పెట్టేసి చేతులు దులుపుకున్నారు. ఈ పిల్ల ఆఖరిరోజు మధ్యాహ్నం దాకా బకెట్టు పట్టుకుని వీధిలోనే ఉందిట. ఇంటికొచ్చి ఫైలు ఎక్కించిందిట. ఐదింటిదాకా గడువు. నాలుగూ ఐదు, నాలుగూ పది, ఎంత చూసినా బటన్ లేదంది. మీ వాళ్ళకి ఫోన్ కూడా చేసిందిట."

"మా వాళ్ళకా?"

"కంప్యూటర్ల విభాగానికి. ఎవరో ఎత్తి, నీ నెట్ బాగోలేదు, మూసి మళ్ళీ తెరువు, అదే వస్తుంది అని ఠక్కున పెట్టేశాడట."

"రోజుకి వంద ఫోన్లొస్తాయి మాస్టారూ. ఎత్తినవాడికి ఏ ఫోన్ ఎవరిదో ఏం గుర్తుంటుంది? ఒక్కొక్కరికి గంటసేపు చెప్పాలంటే కుదురుతుందా? అసలు ఆ వేళప్పుడు ఫోన్ దగ్గర మనిషి ఉండటమే గొప్ప."

"నిన్నెవరన్నారయ్యా? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు."

"అబ్బే, మా విభాగం కదా అని."

"నేను మాత్రం తక్కువ అన్నానా? అరవై ఒక్కమందికి కనబడిన బటన్ నీకొక్కదానికే మాయమైందా అన్నాను. నవ్వుతూ అన్నాను పైగా. తలుపు దగ్గరే నిలబడింది. లోపలికి రమ్మని కూడా అనలేదు నేను."

"మీ దగ్గరున్న రూలు అది. మీరేం చేస్తారు?"

"రూలు కాదయ్యా. నాలుగో పేజీ చూడు. చూడు, పైనుంచి మూడో పేరా."

"'మాస్టారు క్లాసులో ఇచ్చిన లెక్క ప్రకారం దార్లో నాలుగోవంతు నీళ్ళు పోవాలి. కొలిచి చూస్తే మూడోవంతు పోతున్నాయి. కొలవడంలో తప్పేమో అని మళ్ళీ కొలిచాను. తప్పు లెక్కలోనే ఉందనిపిస్తోంది.'"

"అనిపించడం కాదు, ఉంది. రెండ్రోజులు కూర్చుని చూసుకున్నాను. అప్పటికి ఎనిమిదేళ్ళుగా నేను బల్లగుద్ది చెప్తున్న లెక్క తప్పు. దీనికి మార్కు వేశానంటే మొత్తం క్లాసు ముందు తప్పొప్పుకోవాలి. చిత్తుప్రతే కదా, చూడక్కర్లేదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. రూలు మన పక్కనుంటే ఎంత హాయిగా ఉంటుందో నీకు తెలీదు. ఇంకా ఉంది. మరుసటేడు పాఠంలో ఆ లెక్క చక్కగా దిద్దేసుకున్నాను. ఎవరు దిద్దారో ఒక్కడికి చెప్పలేదు. మన మాస్టారు ఎప్పటికప్పుడు పాఠం మెరుగుపరుస్తారని పిల్లలు మెచ్చుకున్నారు. సిగ్గు లేకుండా విన్నాను."

"ఒక్క నిమిషం మాస్టారూ, ఫోను... ఆ, చెప్పమ్మా. ఊఁ. ఇంకా లేదు, అదే పనిలో ఉన్నా... తీస్తాలే. తీస్తానని అన్నానుగా. ఏడు పేజీలే కదా... సాయంత్రం వస్తూ ఇస్తా. నవ్వకు... సరే, ఉంటా."

"ఎవరు?"

"ఇంట్లోవాళ్ళు."

"ఏడు పేజీలేంటి?"

"మా పిల్ల స్కూలు కాగితాలేవో."

"ఇవీ ఏడు పేజీలే. తాళం, తనేనా?"

"తనే."

"ఇందాక నీకు నంబర్లే తెలుసన్నావు."

"అన్నానండి. ఈ సైటు ఇవాళ మూస్తున్నామని దానికి తెలుసు. మూసేముందు ఒక కాపీ తీసిపెట్టమంది. మార్కు కోసం కాదు, ఊరికే. ముప్పై ఒక్క కుళాయిల దగ్గర ఎండలో నిలబడ్డానన్నయ్యా, పారెయ్యబుద్ధి కావడం లేదు అంది."

"అన్నయ్యా అంటుందా నిన్ను?"

"అంటుంది. వద్దన్నా అంటుంది."

"ఇప్పుడు గుర్తొచ్చింది. ఆ కౌంటరు ఉద్యోగం చూపించింది నువ్వేనటగా."

"ఖాళీ ఉందని చెప్పానంతే."

"అంతే కాదు. లైబ్రేరియన్ గారే చెప్పారు నాతో. ఆ అమ్మాయికి ఎలాగైనా ఇప్పించండని నెలరోజులు ఆవిడ చుట్టూ తిరిగావట. చుట్టం కాదు, పక్కం కాదు. చదువు ఆగిపోయిన పిల్లని పట్టించుకున్నది నువ్వు. అది నేను చేయాల్సిన పని. నీ కాళ్ళకి..."

"మాస్టారూ, మీకు పుణ్యముంటుంది, నన్ను పొగడకండి. ఇంకేమైనా అనండి, పడతాను. పొగడకండి."

"మంచివాళ్ళంతా ఇలాగే అంటారు."

"కాదండీ. నేను... సరే, వదిలేయండి."

"ఎలా ఉంది తను? నిజం చెప్పు. నేను లైబ్రరీ ముందు గుమ్మంలోంచి వెళ్ళి ఎనిమిదేళ్ళయింది. వెనక పత్రికల గది తలుపులోంచి దూరతాను. పుస్తకం కావాలంటే పిల్లల్ని పంపిస్తాను. ఒకసారి వరండాలో ఎదురుపడిపోయింది. నమస్తే మాస్టారూ, మీ మోకాలి నొప్పి తగ్గిందా అంది. తిట్టినా బాగుండేది."

"తిట్టడం దానికి రాదండి. పదకొండు నెలలకోసారి ఉద్యోగం పొడిగించుకుంటూ బతుకుతోంది. వాళ్ళ నాన్నకి పక్షవాతం వచ్చినప్పుడు రెండేళ్ళు చదువు మానేసి, మళ్ళీ వచ్చి చేరింది. అందుకే మీ పేపరు దానికి ఆఖరి అవకాశం. గడువు ఆ ఏడాదితో సరి. అన్ని పేపర్లూ పాసు, ఇదొక్కటే లేదు. ఇప్పుడు ఆ కౌంటరు పోస్టునే పర్మనెంటు చేస్తున్నారు. ఈ నెలాఖరులోగా డిగ్రీ కాగితం చూపిస్తే దానికే ఇస్తామన్నారు. లేకపోతే వేరేవాళ్ళు వస్తారు, ఇది ఇంటికి పోవాలి. వాళ్ళమ్మకి మాత్రం డిగ్రీ ఎప్పుడో అయిపోయిందని చెప్పింది."

"అంటే ఈ గడిలో మార్కు పడితే..."

"పరీక్షలవాళ్ళకి దిద్దుబాటు వెళ్తుంది, డిగ్రీ వస్తుంది."

"సున్నా వేసి మూసేస్తే?"

"మూశాక ఎవడి తరమూ కాదండి. ఆ మార్కు అలా ఉండిపోతుంది."

"మరి ఇంతసేపూ సున్నా వేయండి, సున్నా వేయండి అని నా ప్రాణం తీస్తావేంటయ్యా? అన్నయ్యా అంటుందంటావు. జరుగు. నలభైకి ముప్పై ఎనిమిది. రెండు మార్కులు దేనికి తగ్గించానంటే బొమ్మకి కొలత రాయలేదు. ఇదిగో, వేశాను. ఇదేంటి, ఇంకో గడి తెరుచుకుంది?"

"కారణం అడుగుతుంది. చిత్తుప్రతికి మార్కు వేస్తే ఊరుకోదు. మూడు కారణాలే ఒప్పుకుంటుంది. మొదటిది విద్యార్థికి అనారోగ్యం. డాక్టరు కాగితం వారంలోగా ఇచ్చి ఉండాలి."

"అది కాదు. రెండోది?"

"దిద్దినవారి పొరపాటు."

"అదే. ముమ్మాటికీ అదే. టిక్ పెట్టు."

"సమర్పించిన దాన్ని దిద్దడంలో పొరపాటు మాస్టారూ. సమర్పించనిదాన్ని దిద్దడమే ఉండదు కాబట్టి పొరపాటూ ఉండదు. పరీక్షలవాళ్ళు తిప్పి పంపేస్తారు. తిప్పి పంపాక మళ్ళీ తెరవడానికి సర్వరు ఉండదు."

"నేను చదివానని రాసిస్తాను. కావాలనే తొక్కిపెట్టానని సంతకం పెట్టి ఇస్తాను. ఉద్యోగం తీసేస్తే తీసేయనీ. ఇంకెన్నాళ్ళుంది నాకు సర్వీసు?"

"మీరెన్ని సంతకాలు పెట్టినా అది చిత్తుప్రతే."

"మూడోదేంటి?"

"మూడోది పనికిరాదండి."

"పనికొస్తుందో రాదో నేను చెప్తాను. ఏంటది?"

"వ్యవస్థలో లోపం. అంటే గడువులోపలే బటన్ అందకుండా పోవడం. తప్పు విద్యార్థిది కాదు, మాస్టారిదీ కాదు, మా వైపుది అన్నట్టు."

"ఆ పిల్ల మొదట్నుంచీ చెప్తున్నది అదేగా. దానికేం కావాలి?"

"ఆరోజు తాళం వేసిన ఉద్యోగి సంతకం. అప్పట్లో సైటు దానంతటది మూసుకునేది కాదు. గడువు ఐదింటికంటే, ఐదింటికి ఒక మనిషి ఇక్కడ కూర్చుని నొక్కాలి. నొక్కగానే పిల్లలందరికీ బటన్ మాయమవుతుంది. ఆ మనిషి, తాళం నేను వేళ తప్పి వేశాను అని రాసి సంతకం పెట్టాలి."

"ఆరోజు ఎవరు కూర్చున్నారు?"

"ఎవరో ఒకరు. అప్పుడు మేం నలుగురం ఉండేవాళ్ళం."

"ఎక్కడా రాసి ఉండదా?"

"తొమ్మిదేళ్ళనాటిది ఎక్కడుంటుంది మాస్టారూ."

"ఎవరు ఎన్నింటికి ఏం నొక్కారో ఇవాళ పోతుందన్నావు. ఇవాళ పోతుందంటే ఇప్పటిదాకా ఉన్నట్టేగా."

"ఉన్నా... దాన్ని తెరవాలంటే పైనుంచి అనుమతి కావాలి. అయినా ఎవడొస్తాడండీ ఇన్నేళ్ళ తర్వాత సంతకం పెట్టడానికి? పెట్టినవాడి మీద విచారణ వేస్తారు. ఒక పిల్ల చదువు పోయిందని తెలిశాక ఊరికే వదులుతారా? ఉద్యోగమే పోతుంది. వాడికీ ఇల్లుంటుంది, పిల్లలుంటారు."

"నువ్వన్నదీ నిజమే. ఆ మనిషెవడో ఇప్పుడు ఎక్కడున్నాడో. పైగా ఐదింటికే వేసి ఉంటాడు. బటన్ ఉండే ఉంటుంది, ఆ పిల్లే కంగారులో చూసుకోలేదేమో. తనేమంటుంది ఇప్పుడు?"

"మొదటేడు బటన్ లేదు, లేదు అనే అనేదండి. రెండేళ్ళు పోయాక, ఏమోనన్నయ్యా, ఉందేమో, నా కళ్ళే కనబడలేదేమో అనడం మొదలుపెట్టింది. ఇప్పుడైతే అందరి ముందూ నవ్వుతూ చెప్తుంది. ఒక్క బటన్ నొక్కలేక డిగ్రీ పోగొట్టుకున్న మొద్దుని నేనే అని."

"నువ్వేమంటావు అప్పుడు?"

"పోనీలేమ్మా అంటాను. ఇంకేమంటాను."

"నువ్వైనా అంటున్నావు. తిలాపాపం తలా పిడికెడు అంటారు. ఇందులో పిడికెడు పంచుకోవడానికి కూడా ఇంకో మనిషి లేడు. మొత్తం నాదే."

"అలా అనకండి మాస్టారూ."

"ఎందుకనకూడదు? టైమెంతయింది?"

"నాలుగున్నర దాటింది."

"సరే. సున్నాయే వేస్తాను, వేరే దారి లేదు కాబట్టి. కానీ ముందు తనకి ఫోన్ కలుపు. నేనే చెప్పాలి. సున్నా నొక్కాక మాట్లాడటానికి నాకు మొహం చెల్లదు."

"ఇప్పుడా? వద్దు మాస్టారూ. కౌంటర్లో జనం ఉంటారు. సాయంత్రం నేను నెమ్మదిగా..."

"ఎనిమిదేళ్ళు వెనక తలుపులోంచి దూరాను. ఈ ఒక్కసారి ముందు గుమ్మంలోంచి వెళ్ళనీ. కలుపు. నీకూ వినబడేలా పెట్టు, నా మాట తడబడితే అందుకో."

"మోగుతోంది."

"అన్నయ్యా, తీశావా కాపీ?"

"ఇంకా లేదమ్మా. నీ దగ్గర ఎవరైనా ఉన్నారా?"

"ఎవరూ లేరు, పుస్తకాలు సర్దుకుంటున్నా. ఏంటి, గొంతు అలా ఉంది?"

"ఇక్కడ ఒకరు నీతో మాట్లాడతారట."

"అమ్మా, నేనమ్మా. నీళ్ళ పాఠాలు చెప్పిన మాస్టార్ని."

"మాస్టారా? నమస్తే మాస్టారూ."

"నీ ఏడు పేజీలు నేను అప్పుడే చదివానమ్మా. చదివి చదవనట్టు ఊరుకున్నాను. నువ్వు పట్టుకున్న తప్పు నా లెక్కలోదే. క్లాసులో ఒప్పుకోవాల్సి వస్తుందని... చిన్నతనమైపోతుందని... వింటున్నావా?"

"వింటున్నాను. బాగుందా మాస్టారూ అది?"

"ఏంటమ్మా?"

"నేను రాసింది. బాగుందా?"

"ఆ ఏడాది నాకొచ్చినవాటిలో అంత బాగున్నది ఇంకోటి లేదు. నలభైకి ముప్పై ఎనిమిది."

"అమ్మయ్య. పెట్టినా తప్పేదాన్నేమోలే అనుకునేదాన్ని ఇన్నాళ్ళూ."

"ఆ మార్కు ఇప్పుడు వేద్దామని కూర్చున్నానమ్మా. పడటం లేదు. చిత్తుప్రతికి ఒప్పుకోవడం లేదు. ఎంత గింజుకున్నా దారి దొరకలేదు. సున్నాయే వేయాల్సి వస్తోంది. నన్ను..."

"అయ్యో, మీరు బాధపడకండి మాస్టారూ. మీరు చదివినా చదవకపోయినా పంపాల్సింది నేను కదా. నొక్కనిది నేను. ఒక్క బటన్. అంత చిన్న పని చేతకాని దానికి మీరేం చేస్తారు?"

"చూశావా తాళం. నన్నే ఓదారుస్తోంది. ఉంటానమ్మా. జరుగవయ్యా, నొక్కేస్తాను. మళ్ళీ ధైర్యం పోతుంది."

"ఆగండి."

"టైమవుతోందని నువ్వేగా అన్నావు."

"ఆగండి మాస్టారూ. దాని మీంచి చెయ్యి తీయండి. సున్నా వద్దు. ముప్పై ఎనిమిదే ఉంచి, మూడో కారణం దగ్గర టిక్ పెట్టండి. కింద సంతకం నేను చేస్తాను."

"నువ్వు చేస్తే ఎలా చెల్లుతుందయ్యా? ఆరోజు ఇక్కడ కూర్చున్న మనిషే చేయాలన్నావుగా."

"అమ్మా, ఫోన్ పెట్టేయకు, విను. ఇంకెప్పుడూ నొక్కనిది నేనే అనకు. ఆరోజు నువ్వు నొక్కడానికి అక్కడ బటనే లేదు. నాలుగుంబావు బస్సు పోతుందని ఐదింటి తాళం నాలుగింటికే వేసేసిందీ, నువ్వు ఫోన్ చేస్తే నెట్ బాగోలేదని పెట్టేసి బస్సుకి పరిగెత్తిందీ నేనేనమ్మా."